సార్‌కు పాత సిలబస్ పూనిన ఏడాది

నేను ఎనిమిదో తరగతి దాటలేదు. అయినా పదో తరగతి పిల్లల ప్రయోగాలన్నీ పాతికేళ్ల పైచిలుకు నా చేతుల మీదుగానే నడిచాయి. జమ్మలమడుగు దగ్గర ఒక హైస్కూల్లో ల్యాబు అటెండరుగా చేసి రిటైరయ్యాను. ప్రమోషన్ల గురించి రాయను, ఎందుకంటే రాలేదు. కాగితాల పని గురించీ రాయను. అది చేసినవాడికే విసుగు, చదివేవాళ్లేం పాపం చేశారు?

కొత్తగా సైన్సు టీచర్లుగా చేరినవాళ్లు, వాళ్ల వెనక ల్యాబు తాళంచెవి పట్టుకొని నిలబడేవాళ్లు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి "ఉద్యోగం ఎట్లుంటాది మామా?" అని అడుగుతుంటారు. నవ్వించి పంపిస్తాను. నవ్వించకుండా చెప్పాల్సింది ఒకటుంది. అది ఇక్కడ రాస్తున్నాను. మధ్యలో నేను ఎకసెక్కాలాడితే ఓర్చుకోండి, అది నాకు పుట్టుకతో వచ్చిన రోగం.

పాఠం ముందు నా దగ్గరికే వస్తుంది

మా నాయన ప్రొద్దుటూరులో ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. కాలిన గిన్నెలో నవాసారం చల్లితే గుప్పున లేచే తెల్లపొగలో, తిత్తి ఊదుతూ పెరిగాను. బడి నన్ను వదిలేసింది గానీ కెమిస్ట్రీ వదల్లేదు.

ల్యాబు అటెండరు అంటే సీసాలు కడిగేవాడని అనుకుంటారు. కడుగుతాడు. కానీ అసలు పని వేరే. ఏ పాఠమైనా క్లాసులోకి పోకముందు రెండు రోజులు ల్యాబులో కాపురముంటుంది. ఆకులో పిండిపదార్థం ఎట్లా తయారవుతుందో చూపాలంటే కుండీని రెండు రోజుల ముందే చీకటి బీరువాలో పెట్టాలి. మొలకలు చూపాలంటే అలసందలు మొన్ననే నానాలి. సున్నపుతేట నిలవదైతే ఎంత ఊదినా తెల్లబడదు, ముందురోజే కలపాలి. టీచరు "ఇప్పుడు చూడండి" అనే ఒక్క మాట వెనక నా రెండు రోజులుంటాయి.

ఏళ్లు గడిచేకొద్దీ ఈ పని తలలోంచి చేతుల్లోకి దిగిపోతుంది. సిలబస్ మారితే తలకు ఆర్డరు కాగితం వస్తుంది. చేతులకు ఎవరూ కాగితం పంపరు.

పుస్తకాలు మారిన మొదటి ఏడాది ఒకరోజు పొద్దున్నే ల్యాబు తలుపు తీశాను. బల్ల మీద గాజుపళ్లెంలో మొలకలు లేచి ఉన్నాయి. ఎవరు పెట్టారని అందర్నీ అడిగాను. ల్యాబు తాళంచెవి ఒక్కటే, అది నా మొలతాడుకే ఉంటుంది. అంటే నేనే పెట్టాను. ఎప్పుడు పెట్టానో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆ పాఠం కొత్త పుస్తకంలో ఆ తరగతికి లేదు. ఎవరూ పిలవని పేరంటానికి వచ్చినట్టు ఆ తెల్లటి వేర్లు తడిగుడ్డను గట్టిగా పట్టుకొని ఉన్నాయి. వాటి మీద ఉప్పు చల్లుకొని, నిమ్మకాయ పిండుకొని తినేశాను. సాక్ష్యం మిగల్చకూడదు కదా.

నవ్వుతూ తిన్నాను గానీ, ఆ రోజంతా నా చేతుల్ని నేనే అనుమానంగా చూసుకున్నాను.

కొత్త పుస్తకాల గురించి నా మాట

కొత్త పుస్తకాలు చెడ్డవని నేననను. బొమ్మలు బాగుంటాయి. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు. తెలివైనవాళ్లే రాసి ఉంటారు. కానీ రాసినవాళ్లెవరూ మా బీరువా తెరిచి చూడలేదు. పుస్తకంలో ఉన్న ప్రయోగానికి సామాను ఉండదు. సామాను ఉన్న ప్రయోగం పుస్తకంలో ఉండదు. పెళ్లికూతురు మైదుకూరులో, పెళ్లికొడుకు కమలాపురంలో.

లెక్కల సార్‌కు పుస్తకం మారినా రెండు రెళ్లు నాలుగే. సైన్సు టీచరుకు అట్లా కాదు. తొమ్మిదిలో పాఠం ఎనిమిదికి దిగుతుంది, ఇంకోటి పదికి ఎక్కుతుంది, ఒకటి చెప్పకుండానే మాయమవుతుంది. ఇరవై ఏళ్లు తెలుగులో చెప్పిన మాటను ఇంగ్లీషులో చెప్పాలి. చెప్పినట్టు ఫోటో తీసి ఫోనులో ఎక్కించాలి. దీనికంతటికీ కొద్దిరోజులు ఒక హాల్లో కూర్చోబెట్టి, బిస్కెట్లు పంచి, ట్రైనింగ్ అయిపోయిందంటారు.

దానికి తోడు గోడకు పెద్ద టీవీ బోర్డు వచ్చింది. అందులో ప్రయోగం చేసే మనిషి కనిపించడు. మణికట్ల దాకా రెండు చేతులు మాత్రం కనిపిస్తాయి. అవి ఎప్పుడూ తప్పు చేయవు. పదిసార్లు వేసినా అదే సెకనుకు అదే చుక్క పడుతుంది. సాయంత్రం గదులు మూసేటప్పుడు ఎవరైనా దాన్ని ఆపడం మరిచిపోతే, ఖాళీ బెంచీల ముందు ఆ చేతులు ప్రయోగం చేసి చూపిస్తూనే ఉండేవి. రిమోటు నొక్కేముందు ఒక నిమిషం నిలబడేవాణ్ని. మధ్యలో ఆపితే మర్యాద కాదేమో అనిపించేది.

ఓబులేసు సార్

మా ఫిజికల్ సైన్సు టీచరు ఓబులేసు సార్. పులివెందుల వైపు మనిషి. అక్కడి హైస్కూల్లో చాలా ఏళ్లు చేసి మా బడికి వచ్చారు. ఇల్లు ప్రొద్దుటూరులో, రోజూ బస్సులో వచ్చేవారు. గాజు సామాను పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. "యాసిడ్‌ను నీళ్లలో పొయ్యాల, నీళ్లను యాసిడ్‌లో పొయ్యగూడదు. మర్చిపోతే నీ మూతి నీది కాదు" అని మొదటి రోజే చెప్పి, చేతిలో పరీక్షనాళిక పెట్టారు. నన్ను చదువు లేనివాడిలాగా ఎన్నడూ చూడలేదు. తప్పు చేస్తే మాత్రం ఎమ్మెస్సీ చదివినవాణ్ని తిట్టినట్టే తిట్టేవారు.

పుస్తకాలు మారిన ఏడాది ఆయనకు రిటైర్మెంటు ఇంకా ఒకటిన్నర ఏడాది ఉంది. ఒకరోజు ల్యాబులోకి వచ్చి, పై అరలో ఉన్న కిప్స్ తీసిమ్మన్నారు. ఒకదాని మీద ఒకటి మూడు గాజు బుడ్లు ఉండే పాతకాలపు గ్యాసు పరికరం అది. మా బడిలో ఎప్పుడూ లేదు. అది రిటైరయి తీర్థయాత్రలకు పోయిందని నేనన్నాను. సార్ నవ్వి వెళ్లిపోయారు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ అడిగారు.

తర్వాత బోర్డు మీద ఏ పుస్తకంలోనూ లేని పాఠం పేరు రాశారు. స్టాఫ్ రూములో అందరూ మొహాలు చూసుకున్నారు. అప్పుడే నేను ఆ మాట వదిలాను. "ఏం లేదప్పా, సార్‌కు పాత సిలబస్ పూనింది. పూనినోళ్లకు ఎదురు చెప్పగూడదు, వాళ్లంతట వాళ్లు దిగాల్సిందే."

స్టాఫ్ రూమంతా విరగబడి నవ్వింది. సార్ కూడా నవ్వారు. ఆ నవ్వులో ఊరట ఉందని నాకు అప్పుడు తెలియలేదు. ఆ జోకుతో నేను ఆయనకు ఒక దుప్పటి ఇచ్చాను. ఆయన దాన్ని నిండా కప్పుకున్నారు. ఆ తర్వాత ఏ పొరపాటు జరిగినా నన్ను పేరుపెట్టి పిలిచి తానే చెప్పేవారు, "పూనింది దస్తగిరీ" అని.

ఒకసారి తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చారు. ఆ వారం ఏ పాఠం నడవాలో ఆయన ఫోనులో ఉంది. సార్ చెబుతున్నది అది కాదు. ఇదేం పాఠమని ఆఫీసరు గట్టిగానే అడిగారు. సార్ సుద్దముక్క పట్టుకొని అట్లాగే నిలబడిపోయారు. నేను మంచినీళ్ల గ్లాసుతో లోపలికి పోయి, మా సార్ పునాది వేస్తున్నారనీ, పునాది పైకి కనపడదనీ అన్నాను. ఆఫీసరు నవ్వి, పాత జ్ఞానాన్ని కొత్త పాఠంతో చక్కగా జోడిస్తున్నారని రాసిపోయారు. వారం రోజులు కాలరెగరేసుకొని తిరిగాను. నా ఉద్యోగంలో నేను చేసిన చెడ్డపనుల్లో మొదటిది ఏదని అడిగితే ఇప్పుడు అదే చెబుతాను.

ఖాళీ చేతిలో రంగు

ఒక మధ్యాహ్నం వరండాలో పోతుంటే పదో తరగతి గదిలోంచి ఆమ్లాలు, క్షారాల పాఠం వినిపించింది. సార్ నా దగ్గర సామాను ఏమీ తీసుకోలేదే అని తలుపు దగ్గర ఆగాను.

బల్ల ఖాళీగా ఉంది. సార్ ఎడమచేతి వేళ్ల మధ్య ఏదో పట్టుకున్నట్టుంది. ఏమీ లేదు. కుడిచేత్తో చుక్కలు వేస్తున్నారు. పెదవులు లెక్కపెడుతున్నాయి, ఒకటి, రెండు, మూడు. మణికట్టు తిప్పి ఆ లేనిదాన్ని సుడి తిప్పారు. కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నారు. ఎక్కడ ఎంత ఒంచాలో, ఎక్కడ ఆగాలో ఒక్క పొల్లు పోలేదు.

"ఏం రంగు?" అన్నారు.

"పింక్ సార్" అన్నారు పిల్లలందరూ ఒక్క గొంతుతో.

ఇంకో సీసాలోంచి ఇంకో చుక్క పడింది. ఇప్పుడేమయిందని అడిగారు. రంగు పోయిందన్నారు పిల్లలు. ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీలో ఒకమ్మాయి నోటుబుక్కులో రాసుకుంటోంది. నేను కూడా ఆయన వేళ్ల మధ్య చూశాను. అబద్ధమెందుకు, రెప్పపాటు సేపు అక్కడ గులాబీరంగు ఉన్నట్టే అనిపించింది.

గంట కొట్టాక ఆ ముందు బెంచీ అమ్మాయి షాహీనాను పక్కకు పిలిచాను. ఎన్ని రోజుల నుంచి ఇట్లా అని అడిగితే, దసరా సెలవులు అయిపోయినప్పటి నుంచి అంది. రోజూ అదే పాఠమంట. మిగతావి గైడు చూసి చదువుకుంటున్నారంట.

"మరి ఎవురికీ చెప్పలేదేమి పాపా?"

"నువ్వే కదా మామా అంటివి. సార్‌కు పూనింది, పూనినోళ్లకు ఎదురు చెప్పగూడదని. అందురూ అదే అనుకుంటాండాం." ఆ అమ్మాయి బ్యాగు సర్దుకుంటూ మళ్లీ ఆగింది. "అయినా సార్ శానా బాగ చెప్తారు మామా. ఒక్కోసారి మాకూ కనపడతాది."



పులివెందుల నుంచి ఫోను

అయినా నేను నోరు తెరవలేదు. సార్ అలిసిపోయారు, నాలుగు రోజులు సెలవొస్తే సర్దుకుంటారు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ నాలుగు రోజులు రాకముందే ఒక ఉదయం హెచ్ఎం మేడం నన్ను పిలిపించారు. ఆమె కఠినమైన మనిషి, అయితే అన్యాయం తెలియదు. నా జోకులకు నవ్వని ఏకైక బాస్. పులివెందులలో సార్ ఇదివరకు పనిచేసిన బడి నుంచి ఫోను వచ్చిందని చెప్పారు.

ఆ పొద్దున సార్ మొదటి గంటకే ఆ బడికి పోయారంట. నేరుగా తొమ్మిదో తరగతిలోకి నడిచి, పీరియడంతా పాఠం చెప్పారంట. ఎవరూ ఆపలేదు. కొత్త సిలబస్ వచ్చిన దగ్గర్నుంచి మాదిరి పాఠం చెప్పడానికి ఎవరో ఒకరు బడులకు రావడం మామూలే కాబట్టి, ఈయనా అట్లా వచ్చినవారే అనుకున్నారు. పాఠం కూడా బ్రహ్మాండంగా ఉందట. టీ ఇచ్చారు. రెండో పీరియడుకు కూడా వెళ్లారు. అక్కడ మాత్రం మధ్యలో ఆగి, గుమ్మం వైపు తిరిగి, "దస్తగిరీ, కిప్స్ తీసుకురా" అని కేకేశారంట. కాసేపాగి మళ్లీ కేకేశారంట. అక్కడ దస్తగిరి అనేవాడు ఎప్పుడూ లేడు. ఎవరీ దస్తగిరి అని వెతికితే మా బడి తేలింది.

నేను ఆ బడి గడప ఎన్నడూ తొక్కలేదు. నేను లేని చోట నన్ను పిలిచారు, నేను పలకలేదని ఎదురుచూశారు. రాత్రుళ్లు దయ్యాలు పిలుస్తాయంటారు గదా, పలక్కూడదంటారు. పట్టపగలు బతికున్న మనిషి పిలిస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

మేడం నన్నే పొమ్మన్నారు. నేను పోయేసరికి సార్ స్టాఫ్ రూములో పేపరు చదువుకుంటున్నారు. నన్ను చూసి, "ఏమప్పా, యాడికి పొయ్యింటివి? ఇంతసేపా?" అన్నారు. బస్సులో కిటికీ పక్కన కూర్చొని, వర్షాల గురించీ, ధరల గురించీ మామూలుగా మాట్లాడారు. ముద్దనూరు దాటి, కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనపడ్డాక మాటలు ఆపేశారు. ప్రొద్దుటూరు వచ్చేదాకా తన చేతుల్ని ఒడిలో పెట్టుకొని, అవి వేరేవాళ్లవన్నట్టు చూస్తూ కూర్చున్నారు.

ఇంట్లో ఆయన భార్య సావిత్రమ్మ గారు నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచారు. ఆమెకు కొన్ని నెలలుగా తెలుసు. రోజూ పొద్దున చీటీ రాసి ఆయన జేబులో పెడతారంట, ఏ బస్సు ఎక్కాలి, ఏ తరగతి, ఎన్నో పాఠం అని. ఆ రోజు చీటీ ఉన్న చొక్కా ఉతకడానికి పోయింది.

"మొదట్ల కొత్త పుస్తకాల టెన్షన్ అనుకుంటినన్నా. బళ్లో అందురూ నవ్వుకుంటాండారని ఆయనే చెప్తాండె, సరే, ఇది అందురికీ ఉండేదే అనుకుంటి" అన్నారామె. తర్వాత గొంతు తగ్గించి, "ఇంగ ఒక్క ఏడు. గౌరవంగా దిగిపోతాడు. ఎవురితోనూ అనొద్దు" అన్నారు.

అననని మాటిచ్చాను. సార్‌కు దారిలో తల తిరిగిందనీ, బస్సు తప్పు ఎక్కారనీ మేడంకు చెప్పాను. ఆమె నా మొహం చాలాసేపు చూశారు. డాక్టరుకు చూపించమని చెప్పి ఊరుకున్నారు. ఇది నా రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది. ఒకవైపు ఆయన చివరి ఏడాది, ఇంకోవైపు యాసిడ్ చిందితే పోయే నలభై మంది పిల్లల కళ్లు. నేను కళ్లను పక్కన పెట్టాను.

సీసా బరువు

తెలివైనవాణ్ని కాబట్టి ఉపాయం చేశాను. గాఢ యాసిడ్ల సీసాలన్నీ ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాను. పాత ఖాళీ సీసాల్లో నీళ్లు నింపి, అవే లేబుళ్లతో అరలో నిలబెట్టాను. ఇక ఏం పోసినా ఏమీ కాదు. ల్యాబంతా నాటకం సామాను అయింది. అద్దాల వెనక వరసగా నిలబడ్డ ఆ సీసాల మధ్య తిరుగుతుంటే, నాకే ఏది నిజమో తెలియని ఇంట్లో ఉన్నట్టుండేది.

పది రోజులు నడిచింది. పదకొండో రోజు పిల్లలు రాకముందే సార్ ల్యాబులోకి వచ్చారు. పెద్ద బీకరు ముందు పెట్టుకొని, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ అడిగారు. నా నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాను.

సార్ సీసాను అందుకున్నారు. మూత తీయలేదు. వాసన చూడలేదు. అరచేతిలో ఒకసారి పైకీ కిందికీ ఆడించారు. ఆ యాసిడ్ నీళ్లకంటే ఇంచుమించు రెండింతలు బరువు. నాకు తెలుసు. కానీ ఆయన చేతులకు ఇంకా తెలుసని నేను అనుకోలేదు. గొర్రెను చేత్తో ఎత్తి బరువు చెప్పే ఇంట్లో పుట్టిన మనిషి ఆయన.

"ఇవి నీళ్లు" అన్నారు.

ఆయన అర దగ్గరికి పోయి ఇంకో సీసా ఎత్తారు. దించారు. ఇంకోటి ఎత్తారు. ఆ వరసలో ఉన్న ఎనిమిది సీసాలూ ఒక్కొక్కటే ఎత్తి దించారు. గాజు అరకు తగిలే చప్పుడొక్కటే వినపడింది. అప్పుడు నా వైపు తిరిగారు. నెలల తరబడి నేను చూడని చూపు అది. మొదటి రోజు నాకు పరీక్షనాళిక ఇచ్చినప్పుడు చూసిన చూపు.

"దస్తగిరీ, నిజం చెప్పు. నేను క్లాసులో చెప్తాండేది యా పుస్తకంలోది?"

నోటి దాకా జోకు వచ్చింది. అది నా పాత అలవాటు. పూనిందని అంటే చాలు, ఆయన నవ్వుతారు, నేను నవ్వుతాను, ఇంకో నెల గడిచిపోతుంది.

"యా పుస్తకంలోదీ కాదు సార్" అన్నాను. "మీరు ఖాళీ చేతుల్తో చెప్తాండారు. పిల్లోళ్లు ఉండాదని అంటాండారు."

సార్ స్టూలు మీద కూర్చున్నారు. బీకరును పక్కకు జరిపారు. పిల్లలెవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగారు. లేదన్నాను. రెండోసారి కూడా అదే అడిగారు. నేను రెండోసారి కూడా లేదన్నాను. తర్వాత తెల్లకాగితం తెమ్మన్నారు.

చేరబోయేవాళ్లకు

పుస్తకాలు మారిన ఏడాది బడిలో అందరికీ తప్పు చేసే లైసెన్సు దొరుకుతుంది. ఎవరు తడబడినా కొత్త సిలబస్ అంటాం, నవ్వుతాం. ఆ నవ్వుల మధ్య నిజంగా మునిగిపోతున్న మనిషి కూడా చేతులు ఊపుతుంటాడు, మనకు టాటా చెబుతున్నట్టు కనపడుతుంది. సైన్సు టీచరు ఒకే తప్పు రెండోసారి చేస్తే జోకు వేయొద్దు. పక్కన కూర్చొని, ఏమయిందని అడగండి. గౌరవం కోసం దాచిపెట్టడం కూడా ఒక రకం యాసిడ్ సీసానే, లేబుల్ మాత్రం వేరే ఉంటుంది. నలభై మంది పిల్లలు మూడు నెలలు లేని రంగును ఉందన్నారంటే, దాన్ని నేర్పింది సార్ కాదు, నేను.

ఆ రోజు సార్ చెబుతుంటే ఉత్తరం నేను రాశాను, నా ఎనిమిదో తరగతి దస్తూరితో. తనకు వైద్యపరీక్ష చేయించాలనీ, అంతవరకూ తనను ల్యాబుకూ తరగతికీ పంపవద్దనీ. సంతకం ఒక్కటి ఆయన చేశారు. ఇద్దరం హెచ్ఎం గదికి పోయాం. మేడం ఉత్తరం పూర్తిగా చదివారు. నన్ను తిడతారనుకున్నాను. సార్‌కు కుర్చీ చూపించి, నాకు కూడా చూపించారు. అన్నేళ్లలో ఆ గదిలో నేను కూర్చున్నది ఆ ఒక్కసారే.

ఇంతలో పీరియడు గంట కొట్టింది. సార్ లేచి నిలబడ్డారు. సుద్దముక్క కోసం చెయ్యి జేబులోకి పోయింది. ఒక అడుగు వేసి, ఎందుకో ఆగి, నా వైపు చూశారు.

"ఈ పీరియడు మనది కాదు సార్" అన్నాను.

"అట్లనా" అని మళ్లీ కూర్చున్నారు. వరండాలో పిల్లల అడుగుల చప్పుడు తగ్గేదాకా విన్నారు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, మేడంకు వినపడకుండా అడిగారు.

"మరి ఎవురిదప్పా?"